ఎదురుగాలియు గాలితెరయు

ఆషాఢమాసము వచ్చినదనిన మన సీమలో వానకంటె ముందుగా గాలి వచ్చును. తన తేమనంతయు పడమటి కనుమల ఆవలివైపుననే కురిపించి, వట్టిచేతులతో కనుమలు దాటి వచ్చు ఆ నైరుతి గాలి కర్నూలు కడప సీమలలో రేగడిచేలమీదుగా, చెట్టు చేమ లేని మిట్టలమీదుగా అడ్డు లేక వీచును. కొండలపై గాలిమరలను నిలిపి విద్యుత్తును తీయువారికి అది భాగ్యము. మోటారుసైకిలు నెక్కి కర్నూలు విడిచి, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడప చేరవలసినవానికి మాత్రము అది పరీక్ష. నేటి నా ప్రసంగము ఆ పరీక్షను గురించినది.

తెలుగు వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన బడిపంతులునకు మోటారుసైకిలుతో నేమి పని యని మీరడుగవచ్చును. నా యుద్యోగపు చివరి పన్నెండేండ్లు నేను కర్నూలులో కాపురముండి, నంద్యాల దారిలోని యొక పల్లె బడికి నిత్యము మోటారుసైకిలుమీద పోయి వచ్చితిని. ఆ దారి ఆగ్నేయముగా సాగును. కనుక నైరుతిగాలి పోవునపుడు కుడిప్రక్కను, వచ్చునపుడు ఎడమప్రక్కను కొట్టెడిది. బండి వేగముచేత పుట్టు ఎదురుగాలి సరేసరి. ఇంటికి వచ్చునప్పటికి మెడ పట్టివేసి, చెవులలో కీచురాళ్లు కూయుచుండెడివి. ఇది వయసువలన కలిగిన అలసట యనుకొంటిని.

ఉద్యోగవిరమణము చేసిన సంవత్సరమున నొకనాడు మా మనుమరాలు నాయెదుట కూర్చుండి పద్యము చదువుచుండెను. 'శ'కారమును 'స'కారముగా పలుకుచున్నావని ఆ పిల్లను రెండుమారులు గద్దించితిని. మూడవమారు ఆమె కన్నుల నీరు పెట్టుకొనెను. వంటయింటినుండి నా భార్య వచ్చి, "ఏమండీ, పిల్ల సరిగానే పలుకుచున్నది. మీకే వినబడుట లేదు" అనెను. వైద్యుని యొద్దకు పోగా ఆయన యంత్రముతో పరీక్షించి, నా చెవులకు హెచ్చుశ్రుతి ధ్వనులు తగ్గినవని చెప్పెను. శ, ష, స అను ఊష్మములు ఆ హెచ్చుశ్రుతిలోనివే. వయసు కొంత, ఇన్నేండ్లు హెల్మెట్టులో హోరెత్తిన గాలి కొంత, రెండును కలిసి ఈ పని చేసినవని ఆయన యభిప్రాయము. శిష్యుల యుచ్చారణమును దిద్దుటయే వృత్తిగా గలవానికి ఇంతకంటె కష్టమేమి కావలయును? పోయిన వినికిడి తిరిగి రాదనియు, ఉన్నదానిని కాపాడుకొనవలయుననియు ఆయన చెప్పెను. అప్పటినుండియే నేను ఈ గాలివిద్యను నేర్చుకొన మొదలిడితిని.

మొదట నేను చేసినది తెలివితక్కువపని. గాలి బాధించుచున్నది గదా, గాలిని అడ్డుకొనిన సరిపోవునని తలచి, పట్టణములో నొక అంగడికి పోయి, ఉన్నవానిలోనెల్ల పెద్దదైన గాలితెరను, అనగా విండ్‌షీల్డును, కొని హ్యాండిలునకు బిగింపించితిని. దాని పైయంచు నా నుదుటివరకు వచ్చెను. ఆ ఆషాఢమాసముననే భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని, కడపలోనున్న కుమార్తెను చూడ బయలుదేరితిని. ఊరు దాటగనే రొమ్మునకు గాలి తగులుట మానినది. సంతోషించితిని. కాని వేగము అరువది కిలోమీటర్లు దాటగనే ఎవరో రెండుచేతులతో నా తలను పట్టి వడివడిగా ఊపుచున్నట్లుండెను. హోరు తగ్గుటకు మారు హెచ్చినది. ఓర్వకల్లు యొద్ద దారిప్రక్కనున్న రాతిగుట్టల చాటునుండి బయలు ప్రదేశమునకు వచ్చునంతలో కుడిప్రక్కనుండి గాలి విసురుగా తగిలెను. అదే క్షణమున ఎదురుగా నొక లారీ దాటిపోయెను. హ్యాండిలు నా చేతులలో గిలగిల కొట్టుకొని, బండి రెండుమూళ్లు ప్రక్కకు జరిగెను. దైవవశమున పడలేదు. మెల్లగా నంద్యాల చేరితిమి. అచ్చట నా భార్య దిగి, మారుమాట లేక కడపబస్సు నెక్కెను.

గాలిని ఆపు తెరయే గాలిదెబ్బను హెచ్చించుట యేమి? దీనిని తెలిసికొనవలెనన్న మొదట గాలిబలమును తెలిసికొనవలెను. అన్నంభట్టుని తర్కసంగ్రహమును చదివినవారు వాయువునకు రూపము లేదనియు, స్పర్శ మాత్రము కలదనియు ఎరుగుదురు. ఆ స్పర్శ వేగమునుబట్టి యెట్లు హెచ్చునో చూడుడు. వేగము రెట్టింపైనచో గాలి త్రోపు రెట్టింపు కాదు, నాలుగింతలగును. నిటారుగా కూర్చున్న మనుష్యుని దేహము గాలికి సుమారు అర చదరపు మీటరు అడ్డు చూపునని లెక్కింతము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున అతని రొమ్ముపై పడు త్రోపు సుమారు 4 కిలోల బరువునకు సమానము. 80 కిలోమీటర్ల వేగమున అది 15 కిలోలు. దానికి తోడు 20 కిలోమీటర్ల ఎదురుగాలి వీచెనా, బండి వేగము 80 గానే యున్నను దేహమునకు తగులు గాలి 100 కిలోమీటర్లది. అప్పుడు త్రోపు 24 కిలోలు. కర్నూలునుండి డోనుమీదుగా గుత్తికి పోవు దారి ఇంచుమించు నైరుతిగాలికి ఎదురుగానే పోవును. ఆ దారిన ఆషాఢశ్రావణములలో చేతులు ఏల పీకునో ఇప్పుడు తెలిసినది గదా.

అయినను ఎడతెగక ఒకే తీరున త్రోయు గాలి అంత ప్రమాదకరమైనది కాదు. మనుష్యుడు కొంచెము ముందునకు వాలి దానిపై ఆనుకొనగలడు. బాధించునది నిలుకడలేని గాలి. క్షణమొకమారు తగులుచు, క్షణమొకమారు విడుచుచు తలను ఊపునది అదియే. ఆ నిలుకడలేనితనమెక్కడ పుట్టునో చూడవలెనన్న కె.సి. కాలువ వంతెనపై కొంతసేపు నిలువబడుడు. సుంకేసుల యొద్ద తుంగభద్రను విడిచి కడపసీమవరకు పారు ఆ కాలువలో, వంతెన స్తంభమునకు ముందు నీరు నునుపుగా వచ్చును. స్తంభము దాటిన పిమ్మట ఇరుప్రక్కల సుడులు కట్టును. ఒకమారు కుడినుండి, ఒకమారు ఎడమనుండి సుడులు విడివడి క్రిందికి పోవును. గాలియు నట్లే చేయును, కాని కంటికి కనబడదు. తీగలు గాలిలో మ్రోగుటను 1878లో స్ట్రౌహల్ అను పండితుడు పరిశోధించి, గాలివేగము హెచ్చిన మ్రోత శ్రుతి హెచ్చుననియు, తీగ లావైన తగ్గుననియు కనుగొనెను. ఆ మ్రోతకు మూలమైన సుడులు రెండు వరుసలుగా, ఒకదాని యెడమున నొకటిగా నిలుచుటకు కారణమును 1911లో థియొడోర్ వాన్ కార్మన్ గణితముచేత వివరించెను. ఆ లెక్కప్రకారము ఒక యడుగు లావుగల స్తంభమునకు 80 కిలోమీటర్ల గాలి తగిలినచో దాని వెనుక ఇంచుమించు సెకనునకు పదునైదు జతల సుడులు పుట్టును. గాలితెర స్తంభము కాదు గనుక దానికి ఈ లెక్క యథాతథముగా చెల్లదు. కాని దాని అంచునుండి తెగిపడు గాలియు సుడులు చుట్టుకొనుచునే వెనుకకు పోవును. నా తలను ఊపిన చేతులు ఆ సుడులే.

ఇంకొక సంగతి కలదు. తెర వెనుక గాలి ఒత్తిడి తగ్గును. ఆ వెలితిని నింపుటకై క్రిందినుండి, ప్రక్కలనుండి, నడుపువాని వీపు వెనుకనుండి గాలి లోనికి దూరును. అందుచేతనే పెద్ద తెరగల బండిపై వీపును ఎవరో ముందునకు నెట్టుచున్నట్లుండును. వెనుక కూర్చున్నవారికి పైయంచు సుడులును, ప్రక్కగాలియు కలిసి తగులును. నా భార్య బస్సెక్కుటకు కారణమిదియే.

ఈ సంగతిని నాకు తేటగా చెప్పినవాడు ఏ పండితుడును గాడు. చిన్ననాడు నాయొద్ద చదివి, ఇప్పుడు మోటారుసైకిళ్లు మరమ్మతు చేసికొనుచున్న యొక శిష్యుడు. అతడు బండిని చూడగనే నవ్వి, "అయ్యవారూ, గొర్రెలు కాసేటోళ్లు గాలికి గోడ చాటున పండుకోరు, కంప చాటున పండుకుంటారు, ఎందుకో తెలుసునా?" అనెను. మన పల్లెలలో ఇది అందరెరిగినదే. నాపబండలు నిలిపిన గోడకు వెనుక ఎండుటాకులు గిరగిర తిరుగును, దుమ్ము కన్నులలో పడును. కంపదడి వెనుక గాలి మందముగా, నెమ్మదిగా నుండును. గోడ గాలిని పూర్తిగా అడ్డగించుటచేత గాలి దాని పైయంచున తెగి, వెనుకనున్న వెలితిలోనికి సుడులై పడును. కంప గాలిని కొంత తనగుండ పోనిచ్చును. ఆ పోయిన గాలి వెనుక వెలితిని నింపి, సుడులకు తావు లేకుండ చేయును. "గాల్ని ఆపేదానికి పోతే అది ఊరకుంటాదా? దానికి దావ ఇయ్యల్ల" అని అతడు ముగించెను. నలువదేండ్లు పాఠము చెప్పిన నాకు ఆనాడు శిష్యుడు పాఠము చెప్పెను.

ఆ పాఠసారము నిది. గాలితెరతో శాంతి పొందుటకు రెండు మార్గములు కలవు. తెర పొట్టిదై, దానిపై తెగిన గాలి రొమ్ముకో భుజములకో తగిలి, తల పూర్తిగా చెదరని గాలిలో నుండుట యొకటి. తెర ఎత్తును, వెడల్పును గలదై, దానిపై తెగిన గాలి హెల్మెట్టునకు పైగా దాటిపోవుట రెండవది. ఈ రెంటి నడుమనున్న తెర తెగినగాలిని సరిగా తలమీదికే తెచ్చి వేయును. నేను కొన్నది పెద్దదే. కాని నా పొడవునకు, నా పీఠమునకు అది నడిమితెరయే అయినది. ఎత్తు తెరయైనచో దాని యంచు ముక్కునకు సమముగా నుండి, కన్నులు తెరపైనుండి దారిని చూడవలెను. గీతలు పడిన తెరగుండ చూచినచో సందెవేళ ఎదుటి దీపములు విచ్చిపోయి దారి కనబడదు.

క్రొత్త తెరను కొనకముందు చేయదగిన పరీక్షలు కొన్ని చెప్పెదను. వీనికి పైకము అక్కరలేదు. గాలి లేని తెల్లవారుజామున, జనసంచారము లేని తిన్నని దారిపై, మితమైన వేగమున, మొదట తెర తీసివేసి నడిపి చూడుడు. గాలి హెచ్చుగా తగిలినను తల ఊగక యున్నచో దోషము తెరదేయని తెలియును. పిదప తెరను తగిలించి, నడుము నిటారుగా నిలిపి యొకమారు, కొంచెము వంగి యొకమారు నడుపుడు. పైకి లేచినపుడు నెమ్మది కలిగినచో తెర పొట్టిది కావలెను. వంగినపుడు నెమ్మది కలిగినచో అది పొడవైనదిగానైనను, మరింత వాలుగానో నిటారుగానో మార్చినదిగానైనను ఉండవలెను. తెర వెనుకవైపునను, మీ భుజములపైనను జానెడు ఉన్నిదారములను అంటించి, వేరొక బండిపై వచ్చు మిత్రుని వానిని చూడుమనుడు. దారము తిన్నగా వెనుకకు పారినచోట గాలి నునుపైనది. గిరగిర తిరిగినచోట సుడి కలదు. ముందునకు లేచినచోట వెలితి కలదు. ఒంటిచేత బండి నడుపుచు రెండవచేతితో గాలిని వెదకువారు కలరు. అది కూడని పని.

నా శిష్యుడు నా తెరను పారవేయలేదు. పైన నాలుగంగుళములు కోసి, అంచును నునుపు చేసెను. క్రింది మరలకు దిమ్మెలు వేసి, తెర క్రిందుగా వ్రేలెడు సందు విడిచెను. ఆ సందుగుండ పోవు గాలియే కంపదడిగుండ పోవు గాలి. అన్నిటికంటె ముఖ్యముగా, తెరను హ్యాండిలునుండి ఊడదీసి, బండి చట్రమునకు పట్టీలతో బిగించెను. హ్యాండిలునకు కట్టిన తెర పడవ తెరచాపవంటిది. దానికి తగిలిన ప్రతి గాలివిసురు ముందుచక్రమును త్రిప్పజూచును. ఓర్వకల్లు యొద్ద నా చేతులలో కొట్టుకొన్నది ఆ తెరచాపయే. చట్రమునకు బిగించినచో ఆ విసురును బండి బరువంతయు ఓర్చును. ఇప్పుడు నా రొమ్మునకు గాలి తగలదు. తలకు తగులునుగాని అది ఊపదు.

తెరకంటె పెద్దది ఫెయిరింగు. ఇది బండి ముందుభాగమును, కొన్నిట మోకాళ్లను గూడ కప్పు నునుపైన తొడుగు. దీని చరిత్రలో మనకు పనికివచ్చు పాఠమొకటి కలదు. 1950 తరువాతి పందెములలో ముందుచక్రమునుగూడ కప్పివేయు పెద్ద తొడుగులు వాడుకలోనికి వచ్చినవి. వానితో వేగము హెచ్చినది. కాని ప్రక్కగాలి తగిలినపుడు బండ్లు అదుపు తప్పుచుండెను. అందుచేత అంతర్జాతీయ మోటారుసైకిలు సమాఖ్య 1957 చివర వానిని పందెములనుండి నిషేధించెను. పిదప 1976లో బి.ఎం.డబ్ల్యు. వారు ఇటలీదేశమున పినిన్‌ఫారినా గాలిసొరంగములో పరీక్షించి, ఆర్ 100 ఆర్.ఎస్. అను బండికి పూర్తి తొడుగును అమర్చిరి. మన దేశమున 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా సగము తొడుగుతోను, 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ చిన్న తెరతోను వచ్చి, మన యువకులకు ఈ సంగతులను పరిచయము చేసినవి. పాఠమేమనగా, ఎదురుగాలిని తప్పించు వైశాల్యమే ప్రక్కగాలిని పట్టుకొనును. ఒకదానిని పొందినపుడు రెండవదానికి వెల చెల్లింపవలెను.

కనుక మన దారులలో ఏ తెరయు వేగమును తగ్గించుటకు బదులు కాదు. గుట్టచాటునుండి బయలునకు వచ్చునపుడును, వంతెన యెక్కునపుడును, కడపనుండి రాయచోటికి పోవు గువ్వలచెరువు కనుమలో మలుపు తిరుగునపుడును ముందుగానే వేగమును తగ్గింపుడు. లారీ దాటునపుడు గాలి మొదట బయటికి నెట్టును, పిదప లోనికి లాగును. దీనిని ఎరిగి, లారీకి ఎడముగా నుండుడు. హ్యాండిలును పిడికిళ్లు బిగించి పట్టకుడు. మోకాళ్లతో ట్యాంకును అదిమి, చేతులను వదులుగా నుంచినచో బండి తానే సర్దుకొనును. వెనుక ఎత్తుగా మూటలు కట్టి, ముందు పెద్ద తెర పెట్టినచో వేగమున బండి పాముమెలిక తిరుగవచ్చును.

వేసవిని గురించి యొక మాట. గాలి తగిలిన చల్లగా నుండునని తలచి చొక్కాగుండీలు విప్పి నడుపువారు కలరు. గాలివేడి దేహచర్మపు వేడిని మించినపుడు, మన సీమలో చైత్రవైశాఖములలో అది నిత్యమును మించును, ఆ గాలి దేహమునకు వేడిని ఇచ్చును గాని తీసికొనదు. చెమటను మాత్రము పుట్టినదానిని పుట్టినట్లు ఆర్పివేయును. చెమట కనబడదు గనుక నీరు పోవుచున్నదని తెలియదు. అట్టి దినములలో రొమ్మును కాపాడు తెరయు, పూర్తిచేతుల నూలుచొక్కాయు, గంటకొకమారు నీరును మేలు.

తుదకు చెవులమాట. హెల్మెట్టులో గాలిహోరు 60 కిలోమీటర్ల వేగముననే సుమారు 90 డెసిబెళ్లుండునని, 160 కిలోమీటర్ల వేగమున 110 వరకు పోవునని కొలిచి చెప్పిరి. చెవికి రోజునకు ఎనిమిది గంటలు సహింపదగినది 85 డెసిబెళ్లు. అటుపైన ప్రతి మూడు డెసిబెళ్లకు సహింపదగిన కాలము సగమగును. ఈ లెక్కను 91 డెసిబెళ్లకు రెండు గంటలు, 100 డెసిబెళ్లకు పావుగంట మాత్రమే. హోరు ఇంజనుది కాదు, చాలభాగము హెల్మెట్టుచుట్టు చెదరిన గాలిది. కనుక సుడిని తలనుండి తప్పించుటయే చెవిని కాపాడుట. దూరప్రయాణములు చేయువారు చెవివైద్యునడిగి మెత్తని చెవిబిళ్లలను వాడుట మంచిది. హోరు చేయుచున్నదని హెల్మెట్టును తీసివేయుట మాత్రము ఎన్నడును కూడదు. అది చట్టవిరోధము, ప్రాణవిరోధము.

యువకులారా! మీ చెవులు మీకు శాశ్వతములని తలపకుడు. నాకు 'శ'కారము తిరిగి రాలేదు. మనుమరాలు చదువునపుడు ఆమె పెదవులను చూచి గ్రహించుచున్నాను. ఆమెను మరల గద్దింపలేదు. మొన్న కార్తికమాసమున, గాలి తగ్గిన పిమ్మట, నా భార్య ఏడాదికి మొదటిమారు బండి యెక్కి నాతో నంద్యాలవరకు వచ్చెను. అక్కడినుండి బస్సెక్కెదవా యని అడిగితిని. అక్కరలేదనెను. ఆ మాట నాకు వినబడినది.